మూల్యాంకనంలో ఇంటర్వ్యూ: ఉపాధి హామీ సామాజిక తనిఖీపై విమర్శనాత్మక పరిశీలన

8.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
– మూల్యాంకనానికి పనికివచ్చే ఇంటర్వ్యూకు ఉండవలసిన లక్షణాలను వివరించగలుగుతారు;
– ఉపాధి హామీ సామాజిక తనిఖీలో ఇంటర్వ్యూను వాడిన తీరులోని బలాలను, లోపాలను అంచనా వేయగలుగుతారు;
– తనిఖీ కోసం చేసే ఇంటర్వ్యూకు, మూల్యాంకనం కోసం చేసే ఇంటర్వ్యూకు తేడా చెప్పగలుగుతారు;
– మీ ప్రాజెక్టు పనిలో ప్రశ్నల క్రమాన్ని, సమయాన్ని, స్థలాన్ని స్వయంగా నిర్ణయించుకోగలుగుతారు.

8.1 పరిచయం

దత్తాంశ సేకరణ పద్ధతులలో ప్రశ్నావళి, పరిశీలన, ఇంటర్వ్యూ ముఖ్యమైనవని ఇంతకు ముందు భాగంలో చదివారు. ఇంటర్వ్యూను కొన్ని పుస్తకాలు పరిపృచ్ఛ అని, కొన్ని ముఖాముఖి అని పిలుస్తాయి. పేరు ఏదైనా, ఆ పుస్తకాలన్నీ దాదాపు ఒకే సలహాలు ఇస్తాయి. ప్రతిస్పందకుడితో ముందుగా సామరస్యం ఏర్పరచుకోవాలి. తేలిక ప్రశ్నలతో మొదలుపెట్టాలి. జవాబును సూచించే ప్రశ్నలు వేయకూడదు. అవును, కాదు అనే జవాబుతో ముగిసిపోయే ప్రశ్నలను తగ్గించాలి. ఓపికగా వినాలి.

ఈ సలహాలలో తప్పేమీ లేదు. కానీ ఇవన్నీ అడిగేవాడి నేర్పుకు సంబంధించినవి. జవాబు చెప్పేవారి పరిస్థితి గురించి ఇవి చెప్పేది చాలా తక్కువ. ఎంత నేర్పుగా అడిగినా, ఎదుటి మనిషికి తెలియని సంగతి బయటికి రాదు. తెలిసినా, చెబితే రేపటి పని పోతుందనుకున్న మనిషి చెప్పదు. చెప్పినా, దానిని సరిచూసుకునే మార్గం లేకపోతే అది ఒక మాటగానే మిగులుతుంది, దత్తాంశం కాదు.

అందుచేత ఈ భాగంలో ఇంటర్వ్యూను మూడు కొలతలతో తూచుదాం. మొదటిది, జవాబు ఆ మనిషికి స్వయంగా తెలిసే స్థితి ఉందా? రెండవది, నష్టం లేకుండా చెప్పగలిగే స్థితి ఉందా? మూడవది, చెప్పిన దానిని మరొక ఆధారంతో సరిచూడగలిగే స్థితి ఉందా? ఈ కొలతలను ఊహాత్మకమైన ఉదాహరణలకు కాక, మన ప్రాంతంలో నిజంగా, పెద్ద ఎత్తున జరిగిన ఒక ప్రయత్నానికి వర్తింపజేద్దాం. అది ఉపాధి హామీ పథకంపై జరిగిన సామాజిక తనిఖీ.

8.2 నేపథ్యం

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. అడిగిన ప్రతి గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని ఇవ్వాలన్నది దాని సారం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం ప్రారంభమైంది. మొదటి విడతలో దేశంలో ఎంపిక చేసిన 200 జిల్లాలలో నాటి ఉమ్మడి ఖమ్మం జిల్లా ఒకటి. చట్టంలోని 17వ సెక్షన్ గ్రామ సభ ద్వారా సామాజిక తనిఖీ జరగాలని చెప్పింది. చాలా రాష్ట్రాలలో ఆ సెక్షన్ కాగితం మీదే మిగిలింది. నాటి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచే దానిని ఒక పద్ధతిగా అమలు చేసింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి నడిపిన జన్ సున్‌వాయీల అనుభవం దీనికి మార్గదర్శకమైంది. 2009లో ఈ పని కోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. 2011లో కేంద్రం దేశమంతటికీ సామాజిక తనిఖీ నిబంధనలు ప్రకటించింది.

పద్ధతి ఇలా ఉంటుంది. తనిఖీ బృందం ముందుగా మస్టర్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల వివరాలు తీసుకుంటుంది. కూలీ కుటుంబాల నుంచి చదువుకున్న యువతీ యువకులను ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, గ్రామ సామాజిక తనిఖీదారులుగా తమ సొంత ఊరు కాని ఊళ్ళకు పంపుతారు. వారు ఇంటింటికీ తిరిగి, మస్టరులో ఉన్న పేరు, పనిదినాలు, కూలి నిజమో కాదో అడిగి తెలుసుకుంటారు. పని జరిగిన చోటికి వెళ్ళి చూస్తారు. తేడాలు ఉంటే వాంగ్మూలం రాయించుకుంటారు. తరువాత గ్రామ సభ, చివరికి మండల కేంద్రంలో అధికారుల సమక్షంలో ప్రజావేదిక జరుగుతాయి.

గమనించండి: ఈ ప్రక్రియ అంతటికీ ఇరుసు ఇంటింటి ఇంటర్వ్యూయే. మస్టరు ఒకటి చెబుతుంది, మనిషి ఒకటి చెబుతుంది. ఆ రెండింటి మధ్య తేడాయే తనిఖీ. కనుక ఇంటర్వ్యూ బలహీనంగా ఉంటే మొత్తం ప్రక్రియ బలహీనమవుతుంది.

8.3 నిర్దిష్టతలోని బలం

సామాజిక తనిఖీ మనకు నేర్పే మొదటి పాఠం, ప్రశ్న నిర్దిష్టంగా ఉండాలన్నది. కింది రెండు సంభాషణలను పోల్చండి. ఇవి బోధన కోసం కల్పించిన ఉదాహరణలు.

మొదటిది:
“అమ్మా, ఈ పథకం వల్ల మీకు ప్రయోజనం కలిగిందా?”
“కలిగింది సారూ.”
“పనులు సక్రమంగా జరుగుతున్నాయా?”
“బాగానే జరుగుతున్నయి.”

రెండవది:
“అమ్మా, మొన్న ఎండకాలం చెరువు పూడిక పనికి పోయారా?”
“పోయిన.”
“ఎన్ని వారాలు పోయారు?”
“రెండు వారాలు పోయిన. మూడో వారం మా ఆడబిడ్డ ఇంట్ల పెండ్లి, పోలే.”
“పోయిన వారం డబ్బులు ఎంత వచ్చినయి?”

మొదటి సంభాషణలో ప్రతిస్పందకురాలు అబద్ధం చెప్పలేదు. ఇంటికి వచ్చిన చదువుకున్న మనిషికి మర్యాదగా ఒక జవాబు ఇచ్చింది, అంతే. ఆ జవాబుల నుంచి “85 శాతం మంది సంతృప్తి వ్యక్తం చేశారు” వంటి వాక్యం రాయవచ్చు. కానీ ఆ వాక్యం పథకాన్ని గురించి ఏమీ చెప్పదు. అడిగేవారికి ఆ ఊళ్ళో ఉన్న మర్యాదను మాత్రం చెబుతుంది. గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ 1983లో ప్రచురించిన పుస్తకంలో గ్రామాలకు వెళ్ళే పరిశీలకుల మర్యాదను కూడా వారిని పక్కదారి పట్టించే పక్షపాతాలలో ఒకటిగా లెక్కించాడు.

రెండవ సంభాషణలో ప్రతి జవాబునూ సరిచూడవచ్చు. మూడో వారం మస్టరులో ఆమె పేరు ఉంటే, ఆ పెళ్ళి తేదీయే సాక్ష్యం. మనం పెట్టుకున్న మూడు కొలతలలో మొదటిది, మూడవది ఇక్కడ నెరవేరాయి. తాను పనికి వెళ్ళిందో లేదో ఆమెకు తెలుసు. రికార్డుతో పోల్చడానికి వీలుంది. సామాజిక తనిఖీకి ఉన్న గొప్ప బలం ఇదే. అది అభిప్రాయాన్ని కాక అనుభవాన్ని అడిగింది.

8.4 రికార్డును ఎప్పుడు చూపాలి?

అయితే ఇదే బలం ఒక లోపానికి దారి తీయవచ్చు. బృందం చేతిలో మస్టరు ఉంటుంది. ఒక రోజులో చాలా ఇళ్ళు తిరగాలి. అటువంటప్పుడు “మీ పేరు మీద ఆరు రోజులు రాసి ఉంది, నిజమేనా?” అని అడగడం సులభం. కాగితంలో ఉన్నదాన్ని కాదనడం అందరికీ తేలిక కాదు. చదువు రాని మనిషికి కాగితం మీద అక్షరం ప్రభుత్వం మాటతో సమానం. “రాసి ఉంటే నిజమే అయి ఉంటది” అనే జవాబు వస్తుంది. పుస్తకాలు వద్దని చెప్పే సూచక ప్రశ్న ఇదే. ఇక్కడ దానిని సూచిస్తున్నది అడిగేవాడి గొంతు కాదు, కాగితం.

దీనికి విరుగుడుగా రికార్డును పూర్తిగా దాచిపెట్టాలనడం కూడా సరికాదు. నాలుగు నెలల క్రితం ఏ వారంలో ఎన్ని రోజులు పనికి వెళ్ళారో ఎవరికీ అంత సులభంగా గుర్తుండదు. మస్టరు చదివి వినిపించడం హక్కుల దృష్ట్యా కూడా ముఖ్యం. తన పేరు మీద ఏమి రాశారో కూలీకి తెలియాలి.

కనుక ప్రశ్న క్రమానిది. ముందు జ్ఞాపకం, తరువాత రికార్డు, ఆ తరువాత తేడాకు వివరణ. ఈ మూడు మెట్లు ఈ వరుసలోనే ఉండాలి. మొదటి మెట్టులో వచ్చిన జవాబును రాసుకున్న తరువాతే రెండవ మెట్టుకు వెళ్ళాలి.

మూడవ మెట్టును వదిలేయడం పెద్ద పొరపాటు. తేడా ఉన్న ప్రతిచోటా మోసం ఉండదు. జాబ్ కార్డు కుటుంబానిది. భర్త పేరున ఉన్న రోజులకు భార్య వెళ్ళి ఉండవచ్చు. రోజులు లెక్క సరిపోయి కూలి తక్కువ రావచ్చు. ఎందుకంటే కూలి తవ్విన మట్టి కొలతను బట్టి లెక్కకట్టేవారు. ఎండకు గట్టిపడిన నేలలో ఆరు రోజులు గడ్డపార వేసినా కొలతకు తక్కువే వస్తుంది. అడగకుండా రాసుకున్న తేడా ఒక మేటు మీద నింద అవుతుంది. అడిగి రాసుకున్న తేడా పథకంలోని కూలి లెక్క మీద విమర్శ కావచ్చు. మూల్యాంకనానికి రెండవదే ఎక్కువ విలువైనది.

8.5 కాలం, చోటు, భాష: వైరా ప్రాంతం నుంచి ఉదాహరణ

ఇంటర్వ్యూ ఎప్పుడు, ఎక్కడ, ఏ మాటలతో జరగాలన్నది ఆ ప్రాంతాన్ని చూసి నిర్ణయించుకోవలసిన విషయం. ఖమ్మం జిల్లా వైరా ప్రాంతాన్ని తీసుకుందాం. ఒకవైపు 1930 ప్రాంతంలో నిజాం పాలనలో కట్టిన వైరా జలాశయం, దాని కింద వరి పండే ఊళ్ళు. మరొకవైపు నీటి వసతి తక్కువగా ఉన్న మెట్ట ఊళ్ళు, లంబాడీ తండాలు. ఇంకా తూర్పుకు, ఉత్తరానికి పోతే భద్రాచలం అడవులు, కోయ గూడేలు. వైరా శాసనసభ నియోజకవర్గం 2009 ఎన్నికల నుంచి షెడ్యూల్డు తెగలకు కేటాయించబడింది. అంటే ఈ పరిసరాలలో మూడు రకాల జీవన పరిస్థితులు కనిపిస్తాయి.

కాలం: ఆయకట్టు ఊళ్ళలో నాట్ల కాలంలో మధ్యాహ్నం ఇంటికి వెళితే వృద్ధులు, పిల్లలు మాత్రమే కనిపిస్తారు. మిరపకాయలు కోసే రోజులలో ఆడవాళ్ళు తెల్లవారకముందే ఆటోలలో వెళ్ళిపోతారు. కార్యాలయ వేళలలో తిరిగే ఇంటర్వ్యూ బృందానికి దొరికేది పనికి వెళ్ళని మనుషులే. పని గురించి తెలుసుకోవడానికి బయలుదేరి, పనిచేయని వారినే అడిగి రావడం అవుతుంది. నమూనా ఎంపికలో ఎంత శాస్త్రీయత పాటించినా ఈ లోపాన్ని అది సరిచేయలేదు. తెల్లవారు జామున, లేదా దీపాలు పెట్టే వేళ, లేదా పని జరిగే చోటే వారిని కలవాలి.

చోటు: రోడ్డు పక్కన ఉన్న ఊరికి అందరూ వెళతారు. తండాకు పోయే మట్టిదారి వానకు పాడైతే “తరువాత చూద్దాం” అనుకుంటారు. చాంబర్స్ చెప్పిన పక్షపాతాలలో తారు రోడ్డు పక్షపాతం మొదటిది. అదే పుస్తకంలో ఎండాకాలపు పర్యటనల గురించి కూడా ఆయన హెచ్చరించాడు. పేదరికం ఎక్కువ బాధించే వానాకాలంలోనే పరిశీలకులు అక్కడికి చేరరు.

జ్ఞాపకం: తేదీలతో అడిగితే జవాబులు రావు. “ఏప్రిల్ రెండవ వారంలో” అనడం కన్నా “భద్రాచలంలో రాములవారి కల్యాణానికి ముందా, తరువాతనా?” అని అడగడం మేలు. ఉగాది, సంక్రాంతి, ఇంట్లో పెళ్ళి, ఊళ్ళో చావు, మొదటి వాన, నాట్ల మొదలు వంటివి జ్ఞాపకానికి కొక్కేలు. ఇంటర్వ్యూకు వెళ్ళే ముందే ఆ ఊరి ఏడాదిని ఇటువంటి గుర్తులతో ఒక కాగితం మీద గీసుకోవాలి. ఆ గుర్తులు తండాకు ఒక రకంగా, గూడేనికి ఒక రకంగా ఉంటాయని మరచిపోకూడదు.

భాష: “జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం గురించి మీకు తెలుసా?” అని అడిగితే తెలియదని చెప్పిన మనిషే, “కరువు పనికి పోతారా?” అంటే గడ్డపార తెచ్చి చూపిస్తుంది. ఊళ్ళలో దానిని కరువు పని, వంద రోజుల పని అని పిలుస్తారు. పేరు తెలియకపోవడం వేరు, హక్కు తెలియకపోవడం వేరు. అవగాహన శాతాన్ని లెక్కకట్టే మూల్యాంకనాలు ఈ తేడాను చాలాసార్లు పట్టించుకోవు. లంబాడీ, కోయ కుటుంబాలలో తెలుగు అంగడి భాష, అధికారుల భాష. ఇంట్లో మాట్లాడుకునే భాష వేరు. ఆ ఊరి పెద్దనో, మేటునో దుభాషిగా పెట్టుకుంటే, ఎవరి గురించి అడుగుతున్నామో వారి నోటితోనే జవాబు వింటాము. దుభాషి అవసరమైతే పక్క ఊరి విద్యార్థిని, వీలైతే మహిళను తీసుకోవాలి. మాటను కుదించి చెప్పవద్దని, విన్నది విన్నట్టు చెప్పమని ఆమెకు ముందే వివరించాలి.

8.6 ఎవరి సమక్షంలో?

ఇప్పుడు రెండవ కొలతకు వద్దాం. నష్టం లేకుండా చెప్పగలిగే స్థితి ఉందా? ఉపాధి పనిలో కూలీకి రోజూ ఎదురయ్యే అధికారం కలెక్టరు కాదు. పని చూపే ఫీల్డ్ అసిస్టెంటు, హాజరు వేసే మేటు. వారూ ఆ ఊరివారే, కొన్నిసార్లు బంధువులు. బృందం వెళ్ళిపోయాక కూలీ బతకవలసింది వారి మధ్యనే.

తనిఖీదారులను సొంత ఊరికి పంపకుండా పక్క ఊళ్ళకు పంపిన నియమం ఈ కారణంగా తెలివైనది. కూలీ కుటుంబాల పిల్లలే అడగడం కూడా మంచి ఎంపిక. అడిగేవారికీ చెప్పేవారికీ మధ్య దూరం తగ్గింది. అయినా గడప దగ్గర జరిగే ఇంటర్వ్యూ ఒంటరిగా జరగదు. చుట్టుపక్కల వారు చేరతారు. మేటు వచ్చి “ఏందక్కా, ఏమడుగుతున్నరు?” అని పక్కన నిలబడతాడు. ఆ క్షణంలో జవాబు మారిపోతుంది. ఇంట్లో మగవారు ఉంటే ఆడవారి పనిదినాల గురించి కూడా వారే జవాబు చెబుతారు. పనిలో మూడో వంతుకు తగ్గకుండా మహిళలు ఉండాలని చట్టం చెప్పింది. వారి పని గురించి వారినే అడగడం అంతకన్నా కనీస నియమం.

మరొక సంగతి. ఇంటి దగ్గర వాంగ్మూలం ఇచ్చినవారు ప్రజావేదిక మీద వెనక్కి తగ్గడం తనిఖీలలో పనిచేసినవారికి తెలిసిన అనుభవమే. దీనిని “ప్రతిస్పందకుడు మాట మార్చాడు” అని రాసి వదిలేస్తే మనం ఏమీ నేర్చుకోలేదన్నమాట. ఒకే మనిషి రెండు చోట్ల రెండు జవాబులు ఇచ్చినప్పుడు, ఏది నిజమన్న ప్రశ్నతో పాటు ఆ రెండు చోట్ల మధ్య ఏమి మారిందన్న ప్రశ్న కూడా వేయాలి. ఆ రెండవ ప్రశ్నకు జవాబే పథకం ఆ ఊళ్ళో ఎలా నడుస్తోందో చెబుతుంది.

8.7 ఇంటర్వ్యూకు అందనిది

ఫర్జానా అఫ్రీది, వేగార్డ్ ఐవర్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆంధ్రప్రదేశ్‌లోని 8 జిల్లాలకు చెందిన 300 గ్రామ పంచాయతీల సామాజిక తనిఖీ నివేదికలను పరిశీలించారు. ఆ నివేదికలు 2006 నుంచి 2010 వరకు జరిగిన తనిఖీలవి. తనిఖీలు పదే పదే జరిగినా కూలి చెల్లింపులలో నష్టం కొద్దిగానే తగ్గిందని, అదే సమయంలో సామగ్రికి సంబంధించిన, కనిపెట్టడానికి కష్టమైన అక్రమాలు పెరిగాయని వారు తేల్చారు.

ఈ ఫలితాన్ని పద్ధతి దృష్టితో చదవండి. కూలీకి తన పనిదినాలు తెలుసు, తన చేతికి వచ్చిన డబ్బు తెలుసు. పనికి ఎన్ని ట్రాక్టర్ల మొరం వచ్చిందో, సిమెంటు బిల్లు ఎంతకు రాశారో ఆమెకు తెలిసే అవకాశం లేదు. ఇంటింటి ఇంటర్వ్యూ వెలుతురు ఎక్కడ పడుతుందో అక్కడ తప్పు చేయడం కష్టమవుతుంది. వెలుతురు పడని చోటికి తప్పు జరిగిపోతుంది. ఇది కూలీల లోపం కాదు, అడిగిన యువతీ యువకుల లోపమూ కాదు. ఒక పద్ధతికి అందే దూరాన్ని గుర్తించకపోవడం వల్ల వచ్చేది. సామగ్రి ఖర్చును తేల్చాలంటే కొలత తెలిసినవారు, బిల్లులు చదవగలిగినవారు, పని జరిగిన చోట పరిశీలన అవసరం. అక్కడ ఇంటర్వ్యూ సహాయక ఆధారం మాత్రమే.

దీనికి వ్యతిరేక దిశలో కూడా ఒక హెచ్చరిక ఉంది. 2007లో ఖమ్మం, కడప, మెదక్ జిల్లాలలో 840 మంది కూలీలతో ఒక అధ్యయనం జరిగింది. తనిఖీకి ముందు, తనిఖీ జరిగిన నెలకు, తిరిగి ఆరు నెలలకు, మూడు విడతలుగా వారి అవగాహనను, అభిప్రాయాలను తెలుసుకున్నారు. ముందు స్థితిని నమోదు చేసుకుని మొదలుపెట్టడం ఈ అధ్యయనంలోని మెచ్చుకోదగ్గ అంశం. మన మూల్యాంకనాలలో చాలా వరకు పథకం ముగిశాక “ముందు ఎలా ఉండేది?” అని అడిగి సరిపెట్టుకుంటాయి. అయితే ఇటువంటి అధ్యయనాలను చదివేటప్పుడు మీరు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటి విడత ఇంటర్వ్యూలే తరువాతి విడతల జవాబులను నేర్పాయా? తెలుసుకున్నది పెరగడం వల్ల పొందినది పెరిగిందా? హక్కు గురించి తెలుసునని చెప్పడం, ఆ హక్కును మేటు ముందు అడగడం ఒకటి కావు.

దీర్ఘకాలం తరువాత తిరిగి వెళ్ళడం వల్ల కలిగే ప్రయోజనానికి ఒక పాత ఉదాహరణ ఉంది. మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లలో గోదావరి కొండలలోని కొండరెడ్ల మధ్య ఉండి అధ్యయనం చేసి, 1945లో పుస్తకం ప్రచురించాడు. దశాబ్దాల తరువాత తిరిగి వచ్చి గిరిజనుల స్థితిగతులు ఎలా మారాయో పరిశీలించి, 1982లో మరొక పుస్తకం వెలువరించాడు. అంత కాలం మనకు దొరకదు. కానీ ఒకసారి వెళ్ళి వచ్చిన ఊరికి రెండవసారి వెళ్ళడం ప్రతి విద్యార్థికీ సాధ్యమే. రెండవసారి వెళ్ళినప్పుడు జనం మొదటిసారి చెప్పనివి చెబుతారు.

8.8 తనిఖీ ఇంటర్వ్యూ, మూల్యాంకన ఇంటర్వ్యూ

పై చర్చ నుంచి ఒక ముఖ్యమైన తేడా తేలుతుంది. తనిఖీకి పేరు కావాలి. ఎవరి కూలి పోయిందో, ఎంత పోయిందో పేరుతో సహా లేకపోతే ఆ డబ్బు తిరిగి ఇప్పించడం కుదరదు. మూల్యాంకనానికి పేరు అక్కరలేదు. పైగా పేరు రాయకపోతేనే మనిషి స్వేచ్ఛగా మాట్లాడుతుంది. తనిఖీ ఒక సంఘటనను నిర్ధారించాలి. మూల్యాంకనం ఒక తీరును అర్థం చేసుకోవాలి. తనిఖీలో “ఏమి జరిగింది?” అన్నది చివరి ప్రశ్న. మూల్యాంకనంలో “ఎందుకు ఇలా జరుగుతోంది?” అన్నది చివరి ప్రశ్న.

సామాజిక తనిఖీ నివేదికలను తెచ్చి పథకం విజయానికో వైఫల్యానికో కొలబద్దగా వాడినప్పుడు ఈ తేడా చెరిగిపోతుంది. ఒక మండలంలో ఫిర్యాదులు పెరిగాయంటే అక్కడ అక్రమాలు పెరిగాయని అర్థం కావచ్చు. భయం తగ్గి జనం నోరు విప్పారని కూడా అర్థం కావచ్చు. ఫిర్యాదులు లేని ఊరు బాగున్న ఊరు కావచ్చు, భయపడిన ఊరూ కావచ్చు. సంఖ్య ఈ రెండింటినీ వేరు చేయలేదు. పేరు రాయకుండా, తీరికగా, ఒంటరిగా చేసే మూల్యాంకన ఇంటర్వ్యూ మాత్రమే వేరు చేయగలదు. అందుకే తనిఖీ ఉన్నంత మాత్రాన మూల్యాంకనం అక్కరలేదనడం పొరపాటు.

8.9 జవాబు తరువాత

నైతిక నియమాల భాగంలో సాధారణంగా అంగీకారం, గోప్యత గురించి చదువుతాము. వీటికి మరొకటి చేర్చాలి. చెప్పిన మాట ఏమైందో చెప్పినవారికి తెలియాలి.

పైన చెప్పిన అఫ్రీది, ఐవర్సన్ పరిశీలనలోనే మరొక విషయం బయటపడింది. నష్టపోయిన సొమ్ములో అత్యధిక భాగం తిరిగి వసూలు కాలేదు. బాధ్యులపై ఉద్యోగం పోయేంత చర్య చాలా అరుదు. ఇది పరిపాలన వైఫల్యమని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఇది దత్తాంశ సమస్య కూడా. మొదటిసారి ధైర్యం చేసి చెప్పిన మనిషి, ఏమీ జరగకపోవడం చూసి, రెండవసారి అడిగితే “అంతా బాగానే ఉంది బాబూ” అంటుంది. ఆ వాక్యాన్ని మనం సంతృప్తిగా నమోదు చేస్తాము. అది సంతృప్తి కాదు, విసుగు. ఇంటర్వ్యూ నాణ్యత ఇంటర్వ్యూతో ముగియదు. ముందు జరిగిన ఇంటర్వ్యూ ఫలితమే తరువాతి ఇంటర్వ్యూకు నాణ్యతను ఇస్తుంది, లేదా తీసేస్తుంది.

ఈ విషయంలో ప్రజావేదికకు దక్కవలసిన గౌరవం ఉంది. అది లోపాలతో నిండి ఉన్నా, సేకరించిన మాటను ఇచ్చినవారి ముందే తిరిగి చదివింది. మన విశ్వవిద్యాలయ ప్రాజెక్టులలో ఆపాటి పని కూడా జరగదు. విద్యార్థి 50 కుటుంబాలను అడిగి, పట్టికలు గీసి, బైండింగు చేయించి సమర్పిస్తాడు. ఆ 50 కుటుంబాలలో ఒక్కరికి కూడా దానిలో ఏముందో తెలియదు. సమర్పించే ముందు ఒక సాయంత్రం ఆ ఊరికి వెళ్ళి, పేర్లు లేకుండా, ముఖ్య ఫలితాలను చదివి వినిపించండి. వారు “అది అట్ల కాదు” అన్న చోట మీ విశ్లేషణను మళ్ళీ చూసుకోండి. ఇది మర్యాద మాత్రమే కాదు, సప్రమాణతను పరీక్షించే పద్ధతి కూడా.

8.10 సారాంశం

ఇంటర్వ్యూ నాణ్యత అడిగేవారి నేర్పు మీద మాత్రమే ఆధారపడదు. తెలిసే స్థితి, చెప్పగలిగే స్థితి, సరిచూడగలిగే స్థితి అనే మూడు కొలతలు దానికి అవసరం. ఉపాధి హామీ సామాజిక తనిఖీ నిర్దిష్టమైన ప్రశ్నలు అడిగి, మనిషి మాటను రికార్డుతో పోల్చి, ఇంటర్వ్యూకు కొత్త బలం ఇచ్చింది. ఆడవారి పనిదినాలు వంటి విషయాలను వారినే అడగాలన్న మెలకువ, ముందు జ్ఞాపకం తరువాత రికార్డు అన్న క్రమం, ఊరి కాలానికి, భాషకు తగిన ప్రశ్నలు ఆ బలాన్ని నిలబెడతాయి. కూలీకి తెలియని సామగ్రి ఖర్చు వంటి విషయాలు ఇంటర్వ్యూకు అందవు. అక్కడ వేరే పద్ధతులు కావాలి. తనిఖీ, మూల్యాంకనం ఒకటి కావు. చెప్పిన మాటకు ఫలితం లేనిచోట తరువాతి జవాబులు నమ్మదగినవిగా ఉండవు.

8.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. “మీ పేరు మీద ఆరు రోజులు రాసి ఉంది, నిజమేనా?” అనే ప్రశ్నలోని లోపం ఏమిటి? దానిని మూడు మెట్లలో తిరిగి రాయండి.
2. కూలీ చెప్పిన రోజులకు, మస్టరులోని రోజులకు తేడా రావడానికి మోసం కాక ఉండగల రెండు కారణాలు రాయండి.
3. ఒక మండలంలో ఫిర్యాదులు తగ్గడాన్ని మెరుగుదలగా భావించవచ్చా? చర్చించండి.
4. తనిఖీ ఇంటర్వ్యూకు పేరు ఎందుకు అవసరం? మూల్యాంకన ఇంటర్వ్యూకు ఎందుకు అక్కరలేదు?

8.12 క్షేత్ర అభ్యాసం

మీ ఊరిలో అమలవుతున్న ఏదైనా ఒక పథకాన్ని ఎంచుకోండి. అంగన్‌వాడీ, రేషను దుకాణం, పాఠశాల మధ్యాహ్న భోజనం వంటివి ఏదైనా కావచ్చు. ఊరిలో ఆ పథకానికి వాడుక పేరు ఏమిటో ముందుగా తెలుసుకోండి. ఊరి ఏడాదిని పండుగలు, పంట పనుల గుర్తులతో గీసుకోండి. తరువాత ఐదుగురిని వేర్వేరు వేళలలో కలిసి, ఒక్కొక్కరినీ ఒకే ఐదు ప్రశ్నలు అడగండి. ఇంటర్వ్యూ జరిగినప్పుడు పక్కన ఎవరున్నారో ప్రతిసారీ రాసుకోండి. వారం తరువాత ఆ ఐదుగురిలో ఇద్దరిని, పక్కన ఎవరూ లేనప్పుడు మళ్ళీ కలవండి. జవాబులలో మార్పు ఉంటే, దానికి కారణాన్ని ఒక పేజీకి మించకుండా రాసి, అధ్యయన కేంద్రంలో సంపర్క తరగతికి తీసుకురండి.